కారును చక్రాల మీదే ఉంచండి

(పాత కార్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు తిరుపతిలో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కుర్రవాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారు, చాలా సంతోషం. వెనక కూర్చున్న పెద్దవాళ్లలో కొందరి ఇళ్లలో ఒకప్పుడు పద్మినో అంబాసిడరో ఉండే ఉంటుంది. నేను మెకానిక్‌ని కాను. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ప్రీమియర్ పద్మినిని బాగుచేసుకున్నాను, ఇప్పుడు ఒక స్టాండర్డ్ హెరాల్డ్ మీద పని నడుస్తోంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఇళ్లలో మొదలుపెట్టిన పాత కార్ల పనులు సగంలో ఆగిపోతే మనం డబ్బు చాలలేదనో, సామాను దొరకలేదనో అనుకుంటాం. చిత్తూరులో, మదనపల్లెలో, శ్రీకాళహస్తిలో ఆగిపోయిన కార్లు నేను చూశాను. వాటన్నిట్లో ఒకటే కారణం కనిపించింది. ఉత్సాహం ఉన్న మొదటి రోజుల్లోనే కారు మొత్తం విప్పేశారు. ఇంజను ఒక మూల, తలుపులు గోడకు ఆనించి, నట్లు బోల్టులు అన్నీ కలిపి ఒక బకెట్లో. ఆర్నెల్లు పోయాక ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లకు ఆ చోటు కావాలి. చివరికి పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి తూకానికి తీసుకుపోతారు. కాబట్టి నా మాట ఒక్కటే: కారును చక్రాల మీదే ఉంచండి. ఒక భాగం విప్పండి, దాన్ని పూర్తి చేయండి, బిగించండి, ఆ తర్వాతే ఇంకో భాగం ముట్టుకోండి. ఎప్పుడు చూసినా ఇద్దరు మనుషులు తోస్తే షెడ్డులోంచి బయటికి వచ్చేలా కారు ఉండాలి.

కారు ఎంచుకోవడం గురించి కొంచెం చెప్పాలి. మన వైపు ఎక్కువగా దొరికేవి పద్మిని, అంబాసిడర్. పద్మిని అసలు ఇటలీ ఫియట్. ఇక్కడ బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలుపెట్టారు. 1970లలో పద్మిని అన్న పేరు వచ్చింది. 1089 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన రూపం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం మనకు పక్కింటి కారు, 1961 నుంచి మద్రాసులో తయారైంది. ఇంట్లో పని చేసుకునేవాళ్లకు హెరాల్డ్‌లో ఒక పెద్ద సౌకర్యం ఉంది. దానికి ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, వేరు, బాడీ వేరు. ముందు బానెట్, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. ముందు చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. పద్మినికి, అంబాసిడర్‌కి వేరే ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. తుప్పు విషయానికి వచ్చేసరికి ఈ తేడా చాలా ముఖ్యం, అది తర్వాత చెబుతాను.

కారు చూడటానికి వెళ్లినప్పుడు ఒక చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. మడ్‌గార్డుల అంచులు, తలుపుల కింది భాగం, తలుపుల కింద పొడవుగా ఉండే సిల్లు, వీటి మీద పెట్టి చూడండి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లేదా రేకు మీద మందంగా పుట్టీ ఉంది. రంగు ఎంత మెరిసినా అయస్కాంతం ముందు నిలబడదు. మద్రాసులో సముద్రం దగ్గర తిరిగిన కారుకీ, పలమనేరులోనో పీలేరులోనో షెడ్డు కింద పడి ఉన్న కారుకీ రేకు విషయంలో చాలా తేడా ఉంటుంది. ఉప్పు గాలి తినేసిన రేకు కంటే దుమ్ము పట్టిన రేకు వెయ్యి రెట్లు నయం. ఇంజను చెడినా పరవాలేదు, బాడీ బాగున్న కారు తీసుకోండి.

ఇంకో మాట, కాగితాలు. ఆర్సీ చూడకుండా, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కళ్లతో చూసి సరిపోల్చుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. మన ఊళ్లలో చాలా కార్లు చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటాయి. వారసులు ఫారం 31తో తమ పేరుకు మార్పించుకుని, ఆ తర్వాత మీకు అమ్మాలి. ఆ పని వాళ్ల చేత ముందే చేయించండి. తర్వాత చేద్దాంలే అంటే అన్నదమ్ముల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటారు, సంతకాలకే ఏళ్లు పడతాయి.

సరే, కారు ఇంటికి వచ్చింది. అందరి చెయ్యీ ముందు ఇంజను మీదికే పోతుంది. సెల్ఫ్ కొట్టి స్టార్ట్ అవుతుందేమో చూడాలని ఉంటుంది. దయచేసి ఆగండి. మొదట బ్రేకులు చేయండి. ఇంజను నడిచి, బ్రేకులు లేని కారు ఇంట్లో ఉండటం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. స్టార్ట్ అయిన కారును వీధి చివరిదాకా పోనిద్దాం అనిపించని మనిషి ఉండడు.

ఈ తరం కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను చక్రాల దగ్గరికి తోసే మాస్టర్ సిలిండర్ చాలావాటికి ఒకే సర్క్యూట్‌తో ఉంటుంది. అంటే ఎక్కడో ఒక చోట పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి కారు కదలకుండా ఉంటే ఆ తేమ ప్రతి చక్రం దగ్గరా బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ల లోపల తుప్పు పట్టిస్తుంది, రబ్బరు కప్పులు గట్టిపడిపోతాయి. అన్నిటినీ విప్పాలి. సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉంటే కప్పులు మారిస్తే చాలు. గుంటలు పడితే కొత్తది కొనాలి, లేదా లేత్ దగ్గర లోపలి గోడను కోయించి (బోర్ చేసి), స్లీవ్ అనే గొట్టం వేయించాలి. ఈ రబ్బరు భాగాలకు పెట్రోలు, కిరసనాయిలు, ఇంజను ఆయిల్ తగలనివ్వకూడదు. రబ్బరు ఉబ్బిపోయి బ్రేకు పట్టేస్తుంది. కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. డ్రమ్ముల్లో ఉన్న నల్లటి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఎన్నో ఏళ్ల తర్వాత పెద్ద జబ్బుగా బయటపడుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

ఇనుప బ్రేకు పైపులు పైకి బాగానే కనిపించినా క్లిప్పుల కింద తుప్పు పట్టి ఉంటాయి. క్లిప్పు తీసి చూడాలి. అనుమానం ఉంటే మార్చేయండి. ఆ తర్వాత బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మా ఇంట్లో పెడల్ తొక్కేది మా ఆవిడ. నేను "తొక్కు" అంటే తొక్కి పట్టుకుంటుంది, నేను చక్రం దగ్గరున్న నిపుల్ అనే చిన్న స్క్రూను వదులు చేసి, బుడగలు పోయాక బిగించి "వదులు" అంటాను. నిపుల్ బిగించకముందు పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. అందుకే ఇది ఇద్దరి పని, ఓపిక ఉన్న ఇద్దరి పని. చివర పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి దిగుతోందంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు పట్టు వదులుతోంది.

కారు కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక ఇనుప స్టాండ్లు పెట్టి వాటి మీద దించాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దేవద్దు, అవి ముందు చెప్పి పగలవు. ఈ విషయంలో నేను ఎవరితోనూ సర్దుకుపోను. స్టాండ్లు లేని షెడ్డులో నేను కారు కిందికి వెళ్లను, మిమ్మల్నీ వెళ్లనివ్వను.

రెండోది పెట్రోలు దారి. ఏళ్లుగా టాంకులో ఉన్న పెట్రోలు జిగురులా మారి అడుగున పేరుకుంటుంది. టాంకు దించి, ఆ పెట్రోలంతా తీసేసి, సర్ఫు నీళ్లు పోసి, చిన్న గొలుసు ముక్క వేసి బాగా ఊపి కడగాలి. పూర్తిగా ఆరాకే బిగించాలి. టాంకుకి చిల్లు ఉంటే వెల్డింగ్ మాత్రం పెట్టించవద్దు. ఖాళీ టాంకు అనుకుంటాం, లోపల ఆవిరి ఉంటుంది. నిండు టాంకు కంటే ఖాళీ టాంకే ఎక్కువ భయంకరంగా పేలుతుంది. ఈ పని తెలిసిన రేడియేటర్ షాపువాళ్లు వేరే పద్ధతిలో మూస్తారు, వాళ్లకే ఇవ్వండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలు గురించి. 2023లో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వచ్చేసింది. మన కార్లు తయారైనప్పుడు ఈ సంగతి ఎవరూ ఊహించలేదు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, పెట్రోలు పంపులో డయాఫ్రమ్ అనే పలచటి పొరను పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. టాంకులో పాత పేరుడు ఉంటే దాన్ని కదిలించి ఫిల్టరుకు అడ్డం పడేస్తుంది. కాబట్టి గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయండి, పంపుకి కొత్త డయాఫ్రమ్ వేయండి, పంపుకి ముందు ఒక ఫిల్టరు పెట్టండి. ఇంజను కొంచెం పలచటి మిశ్రమం మీద, అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువగా, నడిచినట్టు ఉంటే పెట్రోలును గాలిలో కలిపే కార్బొరేటర్‌లో మెయిన్ జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, ఒక సైజు పెంచాల్సి రావచ్చు. ప్లగ్గు తీసి చూడండి, కొన తెల్లగా ఉంటే పలచన, నల్లటి మసి ఉంటే చిక్కన. లేత ఇటుక రంగు వచ్చేదాకా సరిచేసుకోవాలి. కారును నెలల తరబడి వాడకుండా పెట్టేటప్పుడు టాంకులో సగం పెట్రోలు వదలకండి.

మూడోది ఇంజను. చాలాకాలం ఆగిన ఇంజనుకి సెల్ఫ్ కొట్టే ముందు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లోకి కొంచెం ఆయిల్ పోసి, కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత ముందున్న పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. కదలకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ ఓపిక. పానాకి పైపు తగిలించి బలం పెడితే పిస్టన్ రింగులు విరుగుతాయి. చేత్తో తిరిగిందంటే పాత ఆయిల్ మార్చి, అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, చూడండి. ఏ సిలిండర్‌కైనా తక్కువ వస్తే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు. ఈ ఒక్క పరీక్షతో ఇంజను మొత్తం విప్పాలా, ఇంజనుకి పైమూతలా ఉండే హెడ్డు మాత్రం దించితే చాలా అన్నది తేలిపోతుంది. ప్లగ్గు వైర్లు తీసేముందు ఫొటో తీసుకోండి. పద్మినికీ అంబాసిడర్‌కీ ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లలో ప్లగ్గులు వెలిగే క్రమం, 1-3-4-2, ఇది గుర్తుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వులు ఆనుకుని మూసుకునే అంచులను, అంటే వాల్వు సీట్లను, అరగకుండా కాపాడేది. పాత అంబాసిడర్‌ది పోత ఇనుము హెడ్డు, సీట్లు అందులోనే కోసి ఉంటాయి. హెడ్డు ఎలాగూ దించినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే దూర ప్రయాణాలకు దిగులు ఉండదు. ఊళ్లో తిరిగే కారుకి దీనికోసమే హెడ్డు దించక్కర్లేదు.

పద్మిని హెడ్డు అల్యూమినియం, దాని కింద సిలిండర్లు ఉండే బ్లాకు పోత ఇనుము. ఇక్కడే మన నీళ్ల సంగతి వస్తుంది. మన బోరు నీళ్లు పోస్తే బిందెలకు ఎలా తెల్లగా గార పడుతుందో అందరికీ తెలుసు. అదే గార రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, బ్లాకు లోపల పడుతుంది. రెండు లోహాలు అలాంటి నీళ్లలో కలిసి ఉన్నప్పుడు అల్యూమినియం తినేసుకుపోతుంది. హెడ్డు దించితే నీటి దారుల చుట్టూ గుంటలు కనిపిస్తాయి, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా లీకు ఆగదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. మనకు మంచు గడ్డకట్టదు కదా కూలెంట్ ఎందుకు అని మెకానిక్కులు అంటారు. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి, తుప్పును ఆపడం ఇంకొకటి. మనకు కావాల్సింది ఆ రెండోది. ఇంకో అలవాటు మన వైపు బాగా ఉంది, ఎండలు ఎక్కువని, ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్‌ను తీసి పారేస్తారు. ఉంచండి. అది లేకపోతే ఇంజను వేడెక్కాల్సిన సమయానికి వేడెక్కదు, అరుగుదల పెరుగుతుంది. వేడి ఎక్కువవుతుంటే కారణం రేడియేటర్లోనో, ఫ్యాన్ బెల్టులోనో, ప్లగ్గులు వెలిగే టైమింగులోనో ఉంటుంది, దాన్ని వెతకాలి.

ఇదంతా సరిగ్గా కుదిరిందా అన్నది మన తిరుపతి దగ్గరి భాకరాపేట ఘాట్ రోడ్డు చెబుతుంది. ఊళ్లో బాగా నడిచే కారు అక్కడ రెండో గేరులో ఎక్కేటప్పుడు అసలు రూపం చూపిస్తుంది. వేగం తక్కువ, గాలి తగలదు, ఇంజను మీద బరువు ఎక్కువ. దిగేటప్పుడు డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది, అందుకని ఎక్కిన గేరులోనే దిగాలి. మొదటిసారి వెళ్లేటప్పుడు పొద్దున్నే వెళ్లండి, వెనక ఒక స్నేహితుడి బండి ఉండనివ్వండి.

వైరింగ్ నా ఉద్యోగానికి దగ్గరి పని కాబట్టి కొంచెం ఆగుతాను. ఈ కార్లలో ఫ్యూజులు చాలా తక్కువ. ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి పెళుసుగా విరుగుతుంది. షెడ్డులో ఉన్నప్పుడు ఎలుకలు కొరికేస్తాయి. చాలామంది కనిపించిన చోటల్లా టేపు చుట్టి వదిలేస్తారు. కాలిపోయిన పాత కార్లలో మంట మొదలయ్యేది ఇలాంటి చోట్లే. ఒక్కో సర్క్యూట్‌గా మార్చుకుంటూ రండి, అదే రంగు, అదే మందం వైరు. మొత్తం గుత్తి ఒకేసారి లాగేయవద్దు. లైట్లు మసకగా ఉంటే ముందు ఎర్త్, అంటే వైరు బాడీ రేకుకి కలిసే చోటు, చూడండి, రేకును ఇనుము కనిపించేదాకా గీకి బిగిస్తే సగం జబ్బులు పోతాయి. స్విచ్ బదులు ఎక్కువ కరెంటును తనే మోసే రిలేను హెడ్‌లైట్లకు పెడితే పాత స్విచ్ కాలిపోకుండా ఉంటుంది. హెరాల్డ్ లాంటి ఇంగ్లండు డిజైన్ కార్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపి ఉంటారు, బ్యాటరీ బిగించేముందు తప్పకుండా చూసుకోండి. బ్యాటరీ కోసం మనం దూరం పోనక్కర్లేదు, తిరుపతి పక్కనే కరకంబాడిలో తయారవుతోంది.

ఇక బాడీ. ఇది చివర. పద్మినిలో, అంబాసిడర్‌లో సిల్లు కారును నిలబెట్టే ఎముక. రెండు వైపులా ఒకేసారి కోసేస్తే కారు నడుము వంగిపోతుంది, తలుపులు మళ్లీ పట్టవు. తలుపు సందులో అడ్డంగా ఇనుప కడ్డీని చిన్న వెల్డింగు చుక్కలతో అతికించి (టాక్ వేసి), ఒక వైపు పూర్తి చేసి రెండో వైపుకి వెళ్లాలి. తలుపుల కింది అంచుల్లో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టి పట్టి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి, తలుపు లోపలినుంచి కుళ్లుతుంది. ఒక సన్నటి పుల్లతో వాటిని తెరిచి ఉంచడం ఎంతో రిపేరు ఖర్చు తప్పిస్తుంది. మన వానలు కార్తీకంలో, నవంబరులో వస్తాయి. ఆ రోజుల్లో రేకు గీకితే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. గీకిన రోజే ప్రైమర్ వేయండి, వేయలేకపోతే గీకకండి. రంగు మాత్రం ఇంట్లో కొట్టకండి. ఈ రోజుల్లో వాడే రెండు రకాలు కలిపే పెయింట్ల ఆవిరి మామూలు మాస్కుతో ఆగదు, ఊపిరితిత్తులకు చాలా చెడు. పెయింటింగ్ బూత్ ఉన్నచోట కొట్టించండి. సీట్లు, లోపలి గుడ్డ సంగతి నేను చెప్పను, మన ఊళ్లో రెక్సిన్ కుట్టేవాళ్లు నాకంటే బాగా చెబుతారు.

నాకు మనసులో బాగా ఉన్న మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. గ్యాస్ వెల్డింగ్‌తో పలచటి రేకును వంకర లేకుండా అతికే టింకర్లు, చెవితో విని కార్బొరేటర్ సరిచేసేవాళ్లు, ప్లగ్గులు ఎప్పుడు వెలగాలో నిర్ణయించే ప్లాటినం పాయింటును చూపుతోనే సెట్ చేసేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్లంతా పెద్దవాళ్లయిపోయారు. వాళ్ల పిల్లలు ఆ పని నేర్చుకోలేదు, ఆ కార్లు లేవు కాబట్టి. మీరు కారు ఇచ్చేసి ఇంటికి వెళ్లకండి. "అన్నా, నేను పక్కన ఉంటాను, పానాలు అందిస్తాను" అని అడగండి. టీ తెచ్చి ఇవ్వండి. నేను అడిగిన చోట ఎవరూ కాదనలేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఏ పుస్తకంలోనూ లేదు, ఇప్పుడు చూసి నేర్చుకోకపోతే ఇంకో పదేళ్లకు అడగడానికి మనిషి ఉండడు.

ఒక బాబు చెయ్యి ఎత్తాడు. విడిభాగాలు ఎక్కడ అంటున్నాడు. మద్రాసు పుదుప్పేట, మనకు దాదాపు 140 కిలోమీటర్లు. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లు బాబూ, ఫొటో చాలదు. పక్కపక్కన పెట్టి కొలత చూసుకుని కొను. తీసిన పాత ముక్కను పారేయకు, కొత్తది సరిపోకపోతే పాతదాన్నే లేత్ దగ్గర బాగుచేయించుకోవచ్చు.

వెనక అమ్మగారు రిజిస్ట్రేషన్ అడుగుతున్నారు. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లకు ఫారం 25తో రెన్యువల్, బండి చూపించాలి. కార్ల రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000కు పెరిగింది, 20 ఏళ్లు దాటినవాటికి ఆ తర్వాత ఇంకా పెంచారు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని కార్లకు 2021 జులైలో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. కొత్తగా నమోదు చేస్తే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అని ఉంటుంది. ఇంతకుముందే నంబరు ఉన్న కారు పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్‌గా నమోదైతే రోజూ ఆఫీసుకి తీసుకెళ్లకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే. మీవారు రోజూ మార్కెట్‌కి నడపాలనుకుంటే మామూలు రెన్యువలే చేయించండమ్మా. ఇంజను మార్చి కొత్త రకం డీజిల్ ఇంజను పెట్టిన కారు అసలు రూపం కిందికి రాదు. ఆ మార్పును ఆర్సీలో రాయించకపోతే మామూలు రెన్యువల్‌కి కూడా ఇబ్బందే.

పద్మిని బయట వేపచెట్టు కింద పెట్టాను. ఒక వెనక చక్రం విప్పి స్టాండు మీద ఉంచాను, వీల్ సిలిండర్ లోపల కప్పు ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూడొచ్చు. నలుగురు నలుగురుగా రండి, చిన్నపిల్లలను కారు పక్కకు రానివ్వకండి.